సుబాబుల్ ఆకులో మాంసకృత్తి ఎంత? మేతల విశ్లేషణ చెప్పేవి, చెప్పలేనివి

కృష్ణా, ప్రకాశం జిల్లాల మెట్టపొలాల మీదుగా ప్రయాణించినవారికి సుబాబుల్ తోటలు కొత్త కావు. అక్కడి రైతులు వాటిని కాగితపు మిల్లులకు కలప కోసం పెంచుతారు. నరికిన కొమ్మల ఆకును మేకలు ఎగబడి తింటాయి. మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాల నుంచి ప్రపంచమంతా పాకిన ఈ చెట్టును ఆస్ట్రేలియాలో లూకీనా అంటారు. క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో లక్ష హెక్టార్లకు పైగా దీన్ని వరుసలుగా నాటి, వరుసల నడుమ గడ్డి పెంచి, మాంసం కోసం పెంచే పశువులను అందులో మేపుతారు. అక్కడ దీని విలువ కలపలో లేదు, ఆకులో ఉంది.

ప్రయోగశాల లెక్కల ప్రకారం ఆ ఆకుకు వంక పెట్టడం కష్టం. తడి తీసివేసి తూచితే అందులో ముడి మాంసకృత్తులు 20 శాతానికి పైగా ఉంటాయి. ఉష్ణమండలపు గడ్డి ఎండాకాలంలో ఆరేడు శాతానికి పడిపోయే నేలల్లో ఇది వరమనిపించే అంకె. అయినా ఒకప్పుడు ఆస్ట్రేలియాలో ఈ ఆకును ప్రధానంగా మేసిన పశువులకు తోక కుచ్చు వెంట్రుకలు రాలేవి, నోటి నుంచి చొంగ కారేది, మెడ దగ్గర థైరాయిడ్ గ్రంథి ఉబ్బేది. పెరగవలసిన బరువు పెరిగేది కాదు. కొన్ని ఆవులకు దూడలు గాయిటర్‌తోనే పుట్టేవి. నివేదికలో లోపం లేదు, పశువులో జబ్బు ఉంది. ఈ రెంటి మధ్య దూరం ఎలా ఏర్పడిందో తెలియాలంటే, మేతను ప్రయోగశాల ఏయే ప్రశ్నలు అడుగుతుందో, ఏ ప్రశ్నకు ఎలాంటి జవాబు వస్తుందో చూడాలి.

ఆరు భాగాల లెక్క

మేతల విశ్లేషణకు పునాది 1860ల దశకంలో జర్మనీలో పడింది. గొట్టింగెన్ పట్టణం పక్కన ఉన్న వీండె పరిశోధనా కేంద్రంలో హెన్నెబర్గ్, స్టోమాన్ అనే శాస్త్రవేత్తలు మేతను ఆరు భాగాలుగా విడదీసే పద్ధతిని రూపొందించారు. అవి తేమ, బూడిద, ముడి మాంసకృత్తులు, ముడి కొవ్వు, ముడి పీచు, నత్రజని రహిత సారం. నేటికీ దాణా బస్తాల మీద కనిపించే పట్టికలకు మూలం ఇదే.

ఇందులో మొదటి మెట్టు తేమను తీసివేయడం. పైకి చిన్నపనిగా కనిపించినా ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. పచ్చి ఆకులో ముప్పాతిక వంతు వరకూ నీరే ఉండవచ్చు, ఎండుగడ్డిలో అది చాలా తక్కువ. కాబట్టి రెండు మేతలను పోల్చేటప్పుడు రెంటినీ పొడిపదార్థం లెక్కలోకి మార్చాలి. పొడిపదార్థంలో 22 శాతం మాంసకృత్తి ఉన్న పచ్చి ఆకులో పొడిపదార్థం 30 శాతమే అయితే, పశువు ముందు వేసిన ఆకులో మాంసకృత్తి 6.6 శాతమే. ఆరబెట్టే వేడి కూడా ముఖ్యమే. పీచును, మాంసకృత్తిని కొలవవలసిన నమూనాను సుమారు 60 డిగ్రీల సెల్సియస్‌కు మించకుండా ఆరబెడతారు. వేడి మితిమీరితే చక్కెరలు, మాంసకృత్తులు ఒకదానితో ఒకటి కలిసి, లిగ్నిన్‌లా ప్రవర్తించే కొత్త పదార్థంగా మారతాయి. అప్పుడు ప్రయోగశాల కొలిచేది పొలంలోని మేతను కాదు, తన పొయ్యిలో తయారైన వస్తువును.

ఆరింటిలో చివరిదైన నత్రజని రహిత సారాన్ని ఎవరూ కొలవరు. మిగిలిన ఐదింటిని వందలోంచి తీసివేయగా మిగిలినదే అది. పిండిపదార్థాలు, చక్కెరలు అందులో ఉంటాయని భావిస్తారు. అంటే మిగతా ఐదు కొలతల్లోని తప్పులన్నీ చివరకు దాని ఖాతాలో పడతాయి.

నత్రజని నుంచి మాంసకృత్తికి

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో పనిచేసిన యోహాన్ కెల్డాల్, బీరు తయారీలో వాడే ధాన్యంలోని మాంసకృత్తిని అంచనా వేయడానికి 1883లో ఒక పద్ధతిని ప్రకటించారు. నమూనాను గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మరిగిస్తే అందులోని నత్రజని అమ్మోనియం లవణంగా మారుతుంది. దానికి క్షారం కలిపితే అమ్మోనియా వెలువడుతుంది. ఆ అమ్మోనియాను పట్టి కొలిస్తే నత్రజని ఎంతో తెలుస్తుంది. ఇప్పుడు చాలా ప్రయోగశాలలు ఆమ్లం బదులు, డ్యూమా 1831 ప్రాంతంలో కనుగొన్న దహన పద్ధతికి యంత్రరూపమిచ్చి వాడుతున్నాయి. రెండూ కొలిచేది నత్రజనినే, మాంసకృత్తిని కాదు.

మాంసకృత్తుల్లో సగటున 16 శాతం నత్రజని ఉంటుందన్న భావనతో, వచ్చిన అంకెను 6.25తో గుణిస్తారు. ఆ ఫలితానికే ముడి మాంసకృత్తి అని పేరు. ఈ పేరులోని 'ముడి' అన్న మాటను చదివేవారు తరచు దాటిపోతారు. నత్రజని ఎక్కడి నుంచి వచ్చినా ఈ లెక్కకు ఒక్కటే. యూరియాలో సుమారు 46 శాతం నత్రజని ఉంది కనుక ఈ లెక్కన అందులో 'మాంసకృత్తి' 290 శాతం దాకా ఉన్నట్టు తేలుతుంది. మెలమిన్‌లో నత్రజని బరువులో మూడింట రెండు వంతులు, కాబట్టి దాని 'మాంసకృత్తి' 416 శాతం. ఈ లొసుగు తెలిసినవారే 2007లో పెంపుడు జంతువుల ఆహారంలో వాడే గోధుమ గ్లూటెన్‌లో మెలమిన్ కలిపారు. మరుసటి ఏడాది చైనాలో పసిపిల్లల పాలపొడిలో అదే బయటపడింది. దాదాపు మూడు లక్షల మంది పిల్లలు మూత్రపిండాల్లో రాళ్ళు, ఇతర ఇబ్బందులతో జబ్బుపడ్డారు, ఆరుగురు మరణించారు. ఆ పాలపొడి నీళ్ళు కలిపిన పాలతో చేసినదైనా మాంసకృత్తి పరీక్షలో నెగ్గింది.

సుబాబుల్ ఆకులో ఇలాంటి పనిని ప్రకృతే చేసింది. ఆ ఆకులో మిమోసిన్ అనే అమైనో ఆమ్లం ఉంది. అది మాంసకృత్తుల నిర్మాణంలో పాలుపంచుకోదు, చెట్టు ఆత్మరక్షణకు ఉపయోగపడే విషం. దాని అణుభారం 198, అందులో రెండు నత్రజని పరమాణువులు. అంటే బరువులో 14 శాతం నత్రజని, దాదాపు అసలు మాంసకృత్తిలో ఉన్నంత. ఆకు పొడిపదార్థంలో మిమోసిన్ 4 శాతం ఉంటే, అది నివేదికలో సుమారు మూడున్నర శాతం మాంసకృత్తిగా నమోదవుతుంది. లేత చిగుళ్ళలో మిమోసిన్ ఇంకా ఎక్కువ. పశువులు ముందుగా ఏరుకుని తినేది ఆ చిగుళ్ళనే. ఇక్కడ కెల్డాల్ పద్ధతి విషాన్ని పట్టుకోలేకపోవడమే కాదు, దాన్ని పోషకాల పద్దులోకి చేర్చింది కూడా.

పీచు, అరుగుదల

వీండె పద్ధతిలో రెండో బలహీనత పీచు కొలత. నమూనాను ముందు 1.25 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంలో, తర్వాత 1.25 శాతం సోడియం హైడ్రాక్సైడ్‌లో మరిగించగా కరగకుండా మిగిలినదాన్ని ముడి పీచు అన్నారు. అయితే ఈ ఉడికింపులో హెమీసెల్యులోజ్‌లో చాలా భాగం, లిగ్నిన్‌లో కొంత భాగం కరిగిపోతాయి. అవి వెళ్ళి చేరేది తేలికగా అరిగే పిండిపదార్థాల లెక్కలో. గడ్డి ముదిరేకొద్దీ ఈ తప్పు పెరుగుతుంది.

1960లలో అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేస్తున్న పీటర్ వాన్ సూస్ట్ దీనికి కొత్త దారి చూపారు. షాంపూల్లో, సబ్బుల్లో వాడే సోడియం లారిల్ సల్ఫేట్ వంటి డిటర్జెంటుతో తటస్థ ద్రావణంలో మరిగిస్తే కణంలోపలి పదార్థాలన్నీ కరిగి, కణపు గోడ మిగులుతుంది. ఇది ఎన్‌డీఎఫ్. ఆమ్ల ద్రావణంలో మరో డిటర్జెంటుతో మరిగిస్తే హెమీసెల్యులోజ్ కూడా పోయి, సెల్యులోజ్, లిగ్నిన్ మిగులుతాయి. ఇది ఏడీఎఫ్. దాన్ని 72 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంలో నానబెడితే మిగిలేది ప్రధానంగా లిగ్నిన్. మొదటి అంకె పశువు ఎంత మేత తినగలదో సూచిస్తుంది, రెండోది తిన్నది ఎంత అరుగుతుందో సూచిస్తుంది. ఏడీఎఫ్‌లో చిక్కుకుపోయిన నత్రజనిని విడిగా కొలిస్తే, మాంసకృత్తిలో ఎంత భాగం వేడివల్లనో, ఇతర బంధాల వల్లనో పశువుకు దక్కకుండా పోతుందో కూడా కొంత తెలుస్తుంది.

అరుగుదలను నేరుగా తెలుసుకోవాలంటే పశువుకు తూచిన మేత పెట్టి, పేడను కూడా తూచాలి. అది ఖర్చు, శ్రమ, వారాల పని. ఇంగ్లండ్‌లోని హర్లీ పరిశోధనా కేంద్రంలో టిల్లీ, టెరీ 1963లో ఒక నకలును తయారుచేశారు. నెమరువేసే పశువుకు పొట్టలో నాలుగు అరలుంటాయి. మొదటిదైన పెద్దపొట్టలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు మేతను పులియబెడతాయి. ఆ పెద్దపొట్ట ద్రవాన్ని తీసి, మేత నమూనాతో 48 గంటలు పులియబెట్టి, ఆపై మరో 48 గంటలు ఆమ్లంలో పెప్సిన్‌తో జీర్ణం చేయించారు. గాజు గొట్టంలో పెద్దపొట్ట, ఆ వెనుక అసలు పొట్ట అన్నమాట. ఆ ద్రవం రోజురోజుకూ, పశువుపశువుకూ మారుతుంది కనుక, దాని బదులు పెప్సిన్, సెల్యులేస్ ఎంజైములతో పనిచేసే పద్ధతిని బ్రిస్బేన్‌లోని సీఎస్ఐఆర్ఓ శాస్త్రవేత్తలు మెక్‌లియడ్, మిన్సన్ 1978లో ఉష్ణమండల గడ్డి, పప్పుజాతి మేతల మీద పరీక్షించి చూపారు.

ఈ అరుగుదల అంకె నుంచే ఆస్ట్రేలియా నివేదికల్లో కనిపించే శక్తి విలువ పుడుతుంది. అక్కడ ప్రామాణికంగా వాడే ఒక సమీకరణంలో, పొడిపదార్థపు అరుగుదల శాతాన్ని 0.172తో గుణించి 1.707 తీసివేస్తే, కిలోకు ఎన్ని మెగాజౌళ్ళ శక్తి పశువుకు దక్కుతుందో వస్తుంది. 65 శాతం అరిగే మేతకు దాదాపు 9.5 మెగాజౌళ్ళు. ఇది ఎవరో మండించి కొలిచింది కాదు, గతంలోని పశు ప్రయోగాల సగటు నుంచి అల్లిన అంచనా.

ఇప్పుడు వాణిజ్య ప్రయోగశాలల్లో ఈ పనులన్నిటికీ పరారుణ కాంతి యంత్రం ముందుంటుంది. ఎండబెట్టి పొడిచేసిన నమూనా మీద 1100 నుంచి 2500 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాల కాంతిని ప్రసరింపజేసి, తిరిగివచ్చే కాంతిని బట్టి మాంసకృత్తి, పీచు, అరుగుదల అన్నిటినీ ఒకటి రెండు నిమిషాల్లో చెబుతుంది. అమెరికాలో కార్ల్ నోరిస్ బృందం 1976లో దీన్ని పశుగ్రాసాలకు వర్తింపజేసింది. ఈ యంత్రం దేనినీ నేరుగా కొలవదు. ముందుగా తడి రసాయన పద్ధతుల్లో కొలిచిన వందలాది నమూనాల అంకెలను నేర్చుకుని, కొత్త నమూనా వాటిలో దేనికి దగ్గరో చూసి చెబుతుంది. ఓట్ల ఎండుగడ్డి, లూసర్న్ మీద శిక్షణ పొందిన యంత్రానికి సుబాబుల్ ఆకు ఇస్తే అది అంకె చెప్పకుండా ఊరుకోదు, కానీ ఆ అంకెకు పూచీ ఉండదు. శిక్షణ సరిగా ఉంటే మాత్రం ఉపయోగం అపారం. వేల హెక్టార్ల పచ్చికలో పశువు ఏది ఏరుకుని తిన్నదో చూడలేని ఉత్తర ఆస్ట్రేలియాలో, పేడనే ఈ కాంతితో పరీక్షించి తిన్న మేత నాణ్యతను అంచనా వేస్తున్నారు.

బూడిదలో దాగినవి

మేతను సుమారు 550 డిగ్రీల వద్ద కాలిస్తే మిగిలే బూడిదకు వీండె పట్టికలో ఒకే అంకె. ఆ ఒక్క అంకె వెనుక ఎంత దాగి ఉంటుందో ఆస్ట్రేలియాకు తెలిసినంతగా మరే దేశానికీ తెలియదేమో. పశ్చిమ ఆస్ట్రేలియాలోని డెన్మార్క్ అనే ఊరి పరిసరాల్లో పచ్చని మేత మధ్యనే పశువులు చిక్కి శల్యమై రక్తహీనతతో చనిపోయేవి. లిమొనైట్ అనే ఇనుప ఖనిజం తినిపిస్తే కొన్ని కోలుకునేవి. అందుకని అది ఇనుము లోపమనుకున్నారు. ఎరిక్ అండర్‌వుడ్, ఫిల్మర్ ఆ ఖనిజాన్ని భాగాలుగా విడగొట్టి ఒక్కొక్క భాగాన్నీ పశువులకు ఇచ్చి చూశారు. కాపాడుతున్నది ఇనుము కాదు, దానిలో లేశమాత్రంగా ఉన్న కోబాల్ట్ అని 1935లో నిరూపించారు. అదే కాలంలో దక్షిణ ఆస్ట్రేలియా తీరప్రాంతపు గొర్రెల జబ్బుకూ ఇదే కారణమని మార్‌స్టన్, లైన్స్ కనుగొన్నారు. గొర్రెకు రోజుకు కావలసింది ఒక మిల్లీగ్రాములో పదోవంతు మాత్రమే. 1948లో బీ12 విటమిన్‌ను వేరుచేసి, దాని నడిమధ్య కోబాల్ట్ ఉన్నదని తెలుసుకున్న తర్వాతే, పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు ఆ లోహంతో ఏంచేస్తున్నాయో అర్థమయింది.

భాస్వరం మరో ఉదాహరణ. ఉత్తర ఆస్ట్రేలియా నేలల్లో భాస్వరం బాగా తక్కువ. ఆ లోటు తీర్చుకోవడానికి పశువులు చచ్చిన జంతువుల ఎముకలు నమిలి, వాటిలోని విషంతో బోట్యులిజం బారిన పడేవి. అందుకే అక్కడ పశువులకు బోట్యులిజం టీకా వేయడం ఆనవాయితీ అయింది. మేతలోనూ రక్తంలోనూ భాస్వరాన్ని కొలవడానికి ప్రపంచమంతటి ప్రయోగశాలలు దశాబ్దాలపాటు వాడిన పద్ధతి ఒకటి తెలుగువారికి సొంతమనిపిస్తుంది. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో ప్రచురించినది అది. ఫాస్ఫేటును మాలిబ్డేటుతో కలిపి క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. ఆ నీలం ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. ఇక్కడ కూడా మొత్తం భాస్వరం ఎంతో తెలుసుకోవడం వేరు, పశువుకు దక్కేది ఎంతో తెలుసుకోవడం వేరు. గింజల్లో, తవుడులో భాస్వరం ఎక్కువగా ఫైటేట్ రూపంలో ఉంటుంది. పెద్దపొట్ట సూక్ష్మజీవులు దాన్ని విడగొట్టగలవు కనుక ఆవుకు అందుతుంది. కోడికి చాలావరకు అందదు. అందుకే కోళ్ళ దాణాలో ఫైటేస్ ఎంజైమును కలుపుతారు. ఒకే మేత, ఒకే అంకె, తినే ప్రాణిని బట్టి రెండు అర్థాలు.

మిమోసిన్ జాడ

ఇక సుబాబుల్ దగ్గరికి తిరిగి రావచ్చు. మిమోసిన్ వెంట్రుకల కుదుళ్ళలో కణవిభజనను ఆపుతుంది, కొన్ని కాన్సర్ మందులు చేసినట్టే. కత్తెర అవసరం లేకుండా గొర్రెల ఉన్నిని రాల్చడానికి దీన్ని వాడవచ్చునా అని ఆస్ట్రేలియాలో ప్రయోగాలు కూడా జరిగాయి. అయితే పశువుల్లో గాయిటర్ రావడానికి కారణం నేరుగా మిమోసిన్ కాదు. పెద్దపొట్టలో అది విడిపోయి డీహెచ్‌పీ అనే పదార్థంగా మారుతుందని, థైరాయిడ్ పనికి అడ్డుపడేది ఆ డీహెచ్‌పీ అని సీఎస్ఐఆర్ఓలో హెగార్టీ, ఆయన సహచరులు 1976లో తేల్చారు. కాబట్టి ఆకును ఎంత నిశితంగా విశ్లేషించినా గాయిటర్ కారకం అందులో కనబడదు. అది తయారయ్యేది పశువు లోపల.

అయితే హవాయి దీవుల్లో మేకలు, పశువులు అదే ఆకును తిని ఆరోగ్యంగా ఉండేవి. టౌన్స్‌విల్‌లో పనిచేసే సీఎస్ఐఆర్ఓ శాస్త్రవేత్త రేమండ్ జోన్స్‌ను ఈ తేడా ఆలోచింపజేసింది. అది ఆకులో ఉన్న తేడా కాదని, పెద్దపొట్టలో ఉన్న తేడా అని ఆయన 1981లో ప్రతిపాదించారు. హవాయి మేకల్లో డీహెచ్‌పీని కూడా విచ్ఛిన్నం చేసే సూక్ష్మజీవి ఉందని, ఆస్ట్రేలియా పశువుల్లో అది లేదని ఆయన ఊహ. ఇండొనేషియా మేక పెద్దపొట్ట ద్రవాన్ని ఎక్కించిన ఆస్ట్రేలియా మేకలు డీహెచ్‌పీని వదిలించుకోగలిగాయని జోన్స్, లౌరీ 1984లో చూపారు. హవాయి మేకల నుంచి తెచ్చిన బాక్టీరియాలు ఆస్ట్రేలియా పశువుల్లో నిలదొక్కుకున్నాయి. వాటిలో ముఖ్యమైనదానికి 1992లో సినర్జిస్టీస్ జోన్సియై అని ఆయన పేరే పెట్టారు. బ్రిస్బేన్ శివార్లలోని వాకోల్‌లో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వ కేంద్రం ఆ సూక్ష్మజీవుల ద్రవాన్ని తయారుచేసి రైతులకు అందించసాగింది. మందలో కొన్నిటికి పోస్తే మిగతావాటికి అవి పాకుతాయి.

పశువు మూత్రంలో డీహెచ్‌పీ ఉన్నదీ లేనిదీ ఫెర్రిక్ క్లోరైడ్ చుక్కలు వేసి రంగు మార్పును బట్టి పొలంలోనే చూడవచ్చు. ఫినైల్‌కీటోన్యూరియాను 1934లో ఫోలింగ్ మూత్రంలో కనిపెట్టినదీ ఇదే రసాయనంతోనే. వైద్యశాస్త్రంలో శిశువు మెదడును కాపాడిన దారికి తొలి మెట్టయిన చుక్క, పశువైద్యంలో మందను కాపాడే చుక్క అయింది.

కథ అక్కడితో ముగియలేదు. థాయిలాండ్, ఇండొనేషియా దేశాల్లో సుబాబుల్ మేసే పశువుల మూత్రంలో డీహెచ్‌పీ సమృద్ధిగా ఉన్నా అవి ఆరోగ్యంగా ఉండటాన్ని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గమనించారు. ఆ డీహెచ్‌పీ చాలావరకు గ్లూకురోనిక్ ఆమ్లంతో జతకలిసిన రూపంలో ఉంది. పారసిటమాల్‌ను మనిషి కాలేయం వదిలించుకునే మార్గాల్లో ఒకటి ఇదే. అంటే సూక్ష్మజీవి ఒక్కటే రక్షకుడు కాదు, కాలేయానికీ ఇందులో పాత్ర ఉంది. బాక్టీరియా ద్రవం ఏ మేరకు అవసరమన్న చర్చ దీనితో మళ్ళీ మొదలయింది. పాత నివేదికల్లో 'డీహెచ్‌పీ ఉంది' అన్న మాట స్వేచ్ఛగా ఉన్నదాన్ని గురించా, జతకలిసినదాన్ని గురించా అని ఇప్పుడు అడగవలసివస్తోంది.

నివేదికను చదవడం

ఇదంతా పాత పద్ధతులను తోసిపుచ్చడానికి కాదు. ఎండుగడ్డి కొనే పాడిరైతుకు ఎన్‌డీఎఫ్, శక్తి విలువ తెలియకుండా ధర కట్టడం కష్టం. కరవు ఏడాదిలో ఏ మేతను ఏ పశువుకు పంచాలో నిర్ణయించడానికి ఆ అంకెలే ఆధారం. కానీ వాటిని చదివేవారు నాలుగు విషయాలు తెలుసుకోవాలి. నమూనాను ఎక్కడి నుంచి, ఎన్ని కట్టల నుంచి తీశారు? అంకెలు పొడిపదార్థం లెక్కలో ఉన్నాయా, ఉన్న మేత లెక్కలోనా? తడి రసాయన పద్ధతిలో కొలిచారా, కాంతి యంత్రం అంచనా వేసిందా? ఆ మొక్కలో, ఆ నేలలో ప్రత్యేకంగా వెతకవలసిన విషం గాని, లోపం గాని ఉందా? మొదటి మూడింటికి ప్రయోగశాల జవాబు చెబుతుంది. నాలుగోదాన్ని రైతో పశువైద్యుడో అడిగితే తప్ప ఎవరూ చెప్పరు.

పశ్చిమ ఆస్ట్రేలియా గొర్రెల కాపరులు 1940లలో ఈ పాఠాన్ని ఖరీదైన దారిలో నేర్చుకున్నారు. ఏ పట్టిక ప్రకారం చూసినా శ్రేష్ఠమైన సబ్టెర్రేనియన్ క్లోవర్ మేసిన గొర్రెలు చూలు కట్టడం మానేశాయి. ఆ మొక్కలో ఈస్ట్రోజెన్‌లా పనిచేసే పదార్థం ఉండవచ్చునని అప్పటివరకు ఎవరూ అనుమానించలేదు. బెన్నెట్స్, అండర్‌వుడ్, షియర్ 1946లో ఆ జబ్బును వర్ణించిన తర్వాతనే వెతకవలసిందేమిటో తెలిసింది, అది తక్కువగా ఉండే క్లోవర్ రకాలు వచ్చాయి.

సుబాబుల్ విషయంలోనూ అంతే. ఆకులో మాంసకృత్తి 22 శాతం అన్న అంకె అబద్ధం కాదు. అందులో మిమోసిన్ వాటా ఎంత, ఆ ఆకు వెళ్ళేది మేక పెద్దపొట్టలోకా, కోడి కడుపులోకా, ఆ మేక కొత్తగా తింటున్నదా, ఆ ఆకుకు అలవాటుపడిన మందలోదా అన్నవి కూడా తెలిసినప్పుడే ఆ అంకె పూర్తవుతుంది. ప్రకాశం జిల్లా గట్టు మీద నరికిన కొమ్మకు ఎగబడే మేకను చూసినా, క్వీన్స్‌లాండ్ వరుసల మధ్య మేసే ఎద్దును చూసినా, అడగవలసిన ప్రశ్నలు ఇవే.